స్టెంట్ వేశారు సరే, నాయన ఎందుకు లేవడం లేదు?

ప్రశ్న: మాది తిరుపతి. మా నాయన ఆర్టీసీ డ్రైవరు, వయసు 56. ఇరవై ఏళ్లకు పైగా తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపాడు. ఐదు నెలల కింద గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఎకో, ఈసీజీ బాగున్నాయి, రోజూ నడవండి అంటాడు డాక్టరు. ఈయన వీధి చివరిదాకా కూడా పోడు. గంటకోసారి మణికట్టు పట్టుకొని నాడి చూసుకుంటాడు, రాత్రంతా మంచంమీద కూర్చొనే ఉంటాడు. ఖాకీ చొక్కా మేకుకు అట్లే వేలాడుతోంది, వేసుకోడు, తీయనివ్వడు. ఒకసారి మాత్రం "మలుపులో వస్తే ఏంది పరిస్థితి" అన్నాడు. అన్నేమో అంతా నాటకమని అరుస్తాడు. అమ్మకు షుగరు, ఈ గొడవలో మాత్రలు సరిగా వేసుకోదు, అడిగితే నాకేం బాధ లేదులే అంటుంది. నేను ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. డాక్టరును నమ్మాలా, నాయననా?

జవాబు: ఇద్దరినీ నమ్ము తల్లీ. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే ఒకే సంగతి గురించి చెప్పడం లేదు. డాక్టరు మాట్లాడేది వ్యాధి గురించి, అంటే రక్తనాళం ఎక్కడ పూడింది, స్టెంట్‌తో ఎంత తెరుచుకుంది, గుండె ఎంత బలంగా కొట్టుకుంటోంది, ఇవన్నీ మిషన్లో కనపడతాయి. మీ నాయన పడుతున్నది బాధ. పడుకుంటే మళ్లీ లేస్తానో లేదోనని కూర్చోవడం, ఛాతీలో చురుక్కుమంటే చాలు ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవడం, ఇది ఏ ఎకోలోనూ రాదు. మనం రెండింటినీ కలిపి జబ్బు అనేస్తాం. అందుకే రిపోర్టు బాగుంటే మనిషి కూడా బాగున్నట్టే అనుకుంటాం.

మీ ఇంట్లోనే దీనికి ఉల్టా కూడా ఉంది చూడు. అమ్మకు బాధ లేదు, వ్యాధి ఉంది. షుగరు ఎక్కువున్నా ఏళ్ల తరబడి పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు, లోపల మాత్రం కళ్లు, కిడ్నీలు, కాళ్ల నరాలు మెల్లగా దెబ్బతింటూ ఉంటాయి. బాధ చెప్పుకునే మనిషిని నటిస్తున్నాడంటున్నారు, బాధ లేదనే మనిషిని వదిలేశారు. మీ తప్పని అనడం లేదు, నేనూ ఇదే చేశాను. మా అమ్మకు కీళ్లవాతం, చిత్తూరు నుంచి రాయవేలూరుకు బస్సులో తీసుకుపోయేవాళ్లం, రిపోర్టుల ప్లాస్టిక్ కవరు నా ఒళ్లో ఉండేది. రక్తపరీక్ష మెరుగైందని నేను సంబరపడుతుంటే ఆమె పొయ్యి దగ్గర సంగటి తెడ్డు పట్టుకొని కెలకలేక నిలబడిపోయేది. ఆ తెడ్డు కోడలి చేతికి ఇవ్వాల్సి రావడం ఆమెకు కీళ్లనొప్పి కంటే పెద్ద దెబ్బ. ఆ సంగతి నాకు రెండేళ్లకు గానీ అర్థం కాలేదు, ఎందుకంటే నేను అడగలేదు.

నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ మలుపు మాట. కొండ దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, 36 మలుపులు. వెనక సీట్లలో గుండు కొట్టించుకొని నిద్రపోయే పిల్లలు, ముసలివాళ్లు. ఇరవై ఏళ్లు వాళ్లను క్షేమంగా దించిన మనిషికి ఇప్పుడు తన గుండెమీదే నమ్మకం పోయింది. ఆయన భయం తన చావు గురించేనా, ఆ బస్సులో ఉన్నవాళ్ల గురించా? నేను ఊహిస్తున్నాను అంతే, అడగాల్సింది నువ్వు.

ఎలా అడగాలంటావా, ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికా సైకియాట్రిస్టు 1978లో తన తోటివాళ్లతో కలిసి, డాక్టర్లు రోగిని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని రాశాడు. ఈ జబ్బు నీకు ఎందుకు వచ్చిందనుకుంటున్నావు, దీనివల్ల నీకు ముఖ్యంగా వచ్చిన కష్టం ఏంటి, దీంట్లో నిన్ను అన్నిటికంటే భయపెట్టేది ఏది. సాయంత్రం మిద్దెమీద ఇద్దరే ఉన్నప్పుడు ఆ మూడోది అడుగు, అడిగి ఊరికే ఉండు. "ఏం కాదులే నాయనా" అని వెంటనే అనొద్దు, ఆ మాటతో ఆయన నోరు మళ్లీ మూతపడుతుంది.

అన్నకు నాటకం అనే మాట ఇంట్లో మళ్లీ వినపడకూడదని చెప్పు. బహుశా అతనికీ భయమే, ఇంటి బరువు నెత్తిన పడిందని అరుస్తున్నాడు, కానీ ఆ మాట విన్న రోజు నాయన ఇంకో రెండు రోజులు గది దాటడు.

మాటలతోనే అంతా తీరుతుందని అనుకోవద్దు. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి వైద్యం ఉంది, చేయించకపోతే గుండెకూ మంచిది కాదు. నెలల తరబడి నిద్ర లేదు, గడప దాటడు అంటే గుండె డాక్టరుకు ఈ మాటలే చెప్పి సైకియాట్రిస్టు దగ్గరకు రాయించుకోండి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ ఉంది, 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మళ్లీ బస్సు నడపొచ్చా లేదా అనేది కూడా డాక్టరును తేల్చి చెప్పమనండి. వద్దంటే వేరే డ్యూటీకి డిపోలో అడగొచ్చు, ఆ చొక్కా మేకుకు అట్లే వేలాడుతున్నన్నాళ్లూ ఆయనకు రోజూ టెన్షనే. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయొచ్చేమో కూడా అడగండి, డాక్టరు పక్కనుండగా నడిచి చూసుకుంటే కొందరికి ధైర్యం వస్తుంది. రక్తం పలచబడే మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు.

ఒక్క జాగ్రత్త. ఇదంతా భయమేనని ప్రతి నొప్పినీ తీసిపారేయొద్దు. ఛాతీ బిగపట్టినట్టు నొప్పి వచ్చి తగ్గకపోయినా, ఎడమ చేతికి, దవడకు పాకినా, చెమట, ఆయాసం ఉన్నా వెంటనే 108.

నువ్వు ఉద్యోగం మానేశానని ఒక ముక్కలో రాసి వదిలేశావు. నాయన బాధ గురించి పేజీ రాసిన పిల్లవి నీ గురించి ఒక్క వాక్యమే రాశావు, అది నాకు బాగాలేదు. వారంలో రెండు పూటలైనా అన్న ఇంట్లో ఉంటాడు, నువ్వు బయటికి పో, పాత ఆఫీసులో మాట్లాడి చూడు. నాయనకు కూడా నువ్వు ఇంట్లో కూర్చోవడం తనవల్లేనన్న దిగులు ఉండే ఉంటుంది. అమ్మను మాత్రం ఈ వారమే తీసుకుపో, మూడు నెలల సగటు షుగరు తెలిపే పరీక్ష చేయించు, కళ్లు, కాళ్లు కూడా చూపించు. వీలైతే నాయనను తోడు రమ్మను. తనకోసమైతే గడప దాటడేమో గానీ ఆమెకోసం దాటతాడేమో చూడు.