సెల్ మార్చినా కారు రిమోట్ పనిచేయకపోతే

నమస్కారమండీ. రిమోట్‌లో కొత్త సెల్ వేసినా తలుపులు తెరుచుకోవడం లేదనీ, అదే తాళంచెవితో ఇంజన్ మాత్రం మామూలుగానే స్టార్ట్ అవుతోందనీ రాశారు. ఇంజన్ స్టార్ట్ అయినంత మాత్రాన రిమోట్ బాగుందని అనుకోవడానికి వీల్లేదు. ఇమ్మొబిలైజర్ (వేరే తాళంచెవితో ఇంజన్ స్టార్ట్ కాకుండా అడ్డుకునే ఏర్పాటు) గుర్తించే, తాళంచెవిలోని చిప్‌కు సెల్‌తో పనిలేదు, ఇగ్నిషన్ చుట్టూ ఉండే తీగచుట్ట నుంచే దానికి శక్తి అందుతుంది.

ముందుగా రెండో తాళంచెవితో ప్రయత్నించండి. అదీ పనిచేయకపోతే లోపం బహుశా కారు వైపే ఉంటుంది కాబట్టి ఫ్యూజులను, కారు బ్యాటరీని చూపించాలి. అది పనిచేస్తే మాత్రం నా అనుమానం మీరు వేసిన సెల్ మీదే. సీఆర్2032, సీఆర్2025 అనే సెల్ రకాలు రెండూ 3 వోల్టులవే, రెండింటి వ్యాసమూ 20 మి.మీ.లే, కానీ మొదటిది 3.2 మి.మీ. మందం, రెండోది 2.5 మి.మీ. మాత్రమే కావడంతో, దుకాణంలో మొదటిదానికి బదులు రెండోది ఇస్తే (అలా ఇచ్చేవారికి కొదవ లేదు) అది గూట్లో వదులుగా కూర్చుని లోపలి రేకులకు సరిగా తగలదు. పాత సెల్‌పై ఉన్న సంఖ్యతో పోల్చి, ప్లస్ గుర్తు ఎటు ఉండాలో కూడా సరిచూసుకోండి. రేకులు నల్లబడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

అప్పటికీ ఫలితం లేకపోతే రిమోట్ పంపే కోడ్‌కూ కారు ఎదురుచూసే కోడ్‌కూ పొందిక తప్పి ఉండవచ్చు. మీట నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది గనుక, కారుకు దూరంగా ఉన్నప్పుడు జేబులో పదేపదే నొక్కుకుపోతే ఆ తేడా పెరుగుతుంది. మళ్లీ జతచేసే పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకోసం సర్వీసు సెంటర్‌కు వెళ్లవలసి వస్తే తాళంచెవులు రెండూ తీసుకెళ్లండి. కొన్ని కార్లలో ఒకదాన్ని కొత్తగా నమోదు చేస్తే రెండోది చెరిగిపోతుంది.