సెల్లార్‌లో ఊట ఆపే పని కూడా ఒక కెరీరేనా?

ప్రశ్న: మా రెండో అబ్బాయి సివిల్ డిప్లొమా పూర్తి చేశాడు. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరమంటే వినడం లేదు. హైదరాబాద్‌లో వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టులు చేసే మా బావమరిది దగ్గర చేరతానని పట్టుబడుతున్నాడు. సెల్లార్లలో ఊట ఆపడం, గోడలకు పూతలు వేయించడం... ఇంత చదివించింది ఈ మట్టిపనికా అనిపిస్తోంది. అమెరికాలో ఉన్న మా పెద్దవాడు మాత్రం తమ్ముడినే సమర్థిస్తున్నాడు. తన ఇంటి బేస్‌మెంట్ పనికి ఎంత ఖర్చయిందో తనకే తెలుసంటాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: వెళ్లనివ్వండి, కానీ ఒక షరతు మీద. పూతలు వేయించే సూపర్‌వైజర్‌గా మిగిలిపోయేందుకైతే వద్దు. నీరు ఎక్కడి నుంచి, ఏ దారిన వస్తోందో కనిపెట్టగల మనిషిగా తయారయ్యేందుకైతే తప్పకుండా పంపండి. మొదటి రకం వాళ్లు ఎక్కడ చూసినా దొరుకుతారు. రెండో రకం వాళ్ల కోసం బిల్డర్లు వెతుక్కుంటున్నారు.

హైదరాబాద్‌లో స్థలాల ధరలు పెరిగేకొద్దీ కిందికి తవ్వడం ఎక్కువైంది. చాలా చోట్ల కాస్త తవ్వగానే రాయి తగులుతుంది. దాన్ని పగలగొట్టి సెల్లార్ కట్టి, గోడకూ రాతికీ మధ్య మిగిలిన సందును మట్టితో పూడుస్తారు. వానాకాలంలో భూమిలోకి ఇంకిన నీరు రాతిని దాటి కిందికి పోలేక ఆ సందులోనే నిలుస్తుంది. అక్కడ పది అడుగుల ఎత్తున నీరు చేరితే గోడ మొదట్లో చదరపు మీటరుకు దాదాపు 3 టన్నుల ఒత్తిడి పడుతుంది. అంత ఒత్తిడి వెనక నుంచి తోస్తుంటే లోపలి వైపు వేసిన పుట్టీ, రంగు ఏపాటి? ముందు ఉబ్బుతాయి, తర్వాత పెచ్చులుగా రాలిపోతాయి. పైగా 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లోగా బిల్డరే ఉచితంగా సరిచేయాలి. సహజంగానే బిల్డరు ఆ బరువును వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు నెత్తిన పెడతాడు. లీకేజీ రాదని రాతపూర్వకంగా హామీ ఇచ్చి, దాన్ని నిలబెట్టుకోగలిగేవాడికి గిరాకీ ఎందుకు తగ్గుతుంది?

మీ అబ్బాయి నేర్చుకోవలసిన విద్య ఎలాంటిదో ఒక్క చోటు చూపిస్తాను. అడుగున రాఫ్ట్, అంటే సెల్లార్ మొత్తానికీ పునాదిగా ఉండే కాంక్రీటు పలక, ఒక రోజు పోస్తారు. దాని మీద గోడ మరో వారం లేస్తుంది. ఆ రెండూ కలిసే గీత దగ్గరే చాలా సెల్లార్లు కారుతాయి. గోడ పోసేముందు అక్కడ పేరుకున్న సిమెంటు పాలను గీకి, కంకర కనిపించేదాకా గరుకు చేయాలి. మధ్యలో నీటిని అడ్డుకునే పీవీసీ పట్టీ, అంటే వాటర్ స్టాపర్ గానీ, తడి తగిలితే ఉబ్బే పట్టీ గానీ పెట్టాలి. అర్ధరాత్రి కాంక్రీటు లారీ వచ్చి నిలబడుతుంది. ఆ తొందరలో స్టాపర్ పక్కకు ఒరుగుతుంది, కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ అడుగు దాకా దిగదు, కాంక్రీటు తేనెపట్టులా గుల్లబారి మిగిలిపోతుంది. ఆ రాత్రి అక్కడ టార్చిలైటు పట్టుకుని నిలబడే కుర్రాడు చేసే మేలు, తర్వాత వేసే ఏ ఖరీదైన రసాయనమూ చేయలేదు. షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు పలకలు) బిగించిన కడ్డీలు గోడలో వదిలే రంధ్రాలూ అంతే. వాటిని పూడ్చడం చాలా చిన్న పని కాబట్టే అందరూ మరిచిపోతారు. ఇవన్నీ అయ్యాక, మట్టి పూడ్చకముందే గోడకు బయటి వైపున మెంబ్రేన్ (నీరు చొరని పొర) గానీ కోటింగ్ గానీ పడాలి. పూడ్చేశాక మళ్లీ ఆ వైపు చేరడం దాదాపు అసాధ్యం. ఇక మిగిలేది లోపలి నుంచి రంధ్రాలు వేసి, పగుళ్లను పూడ్చే పాలీయురెథేన్ రసాయనం ఇంజెక్ట్ చేయడమే. అది మరమ్మతు కింద లెక్క.

ఊట అన్న ప్రతిదీ ఊట కాదు. సెల్లార్ నేల చెమ్మగా ఉందని ఇంటివాళ్లు పిలిస్తే, తెలియనివాడు వెంటనే కోటింగ్‌కు అంచనా రాసిస్తాడు. తెలిసినవాడు మందపాటి ప్లాస్టిక్ షీటును అడుగున్నర చదరంగా కత్తిరించి, నాలుగు అంచులా టేపుతో నేలకు అంటించి వెళ్లిపోతాడు. మర్నాడు వచ్చి చూస్తే షీటు అడుగున తడి ఉంటే నీరు కాంక్రీటు లోంచి వస్తున్నట్టు. పైన మాత్రమే తడి ఉంటే వానాకాలపు గాలిలోని తేమ చల్లటి నేల మీద నీరు కట్టినట్టు. రెండో దానికి కావలసింది గాలి ఆడేలా చూడటం. అక్కడ కోటింగ్ అమ్మినవాడు డబ్బు తీసుకుంటాడు, తడి మాత్రం అలాగే ఉంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ సెల్లార్లలోకి ర్యాంపుల మీదుగా వరద దిగింది చూడండి, దాన్ని ఏ మెంబ్రేనూ ఆపదు. అక్కడ ర్యాంపు మొదట్లో ఎత్తు, కాలువ, సంప్‌లో పనిచేసే పంపు, దానికి కరెంటు పోయినా ఆగని ఏర్పాటు కావాలి. ఈ తేడాలు చెప్పగలగడమే ఆ కుర్రాడి జీతం.

లోపలి అలంకరణ పనులు కూడా మీ బావమరిది చేస్తుంటే మంచిదే. విల్లాల్లో కింది అంతస్తును హోమ్ థియేటర్‌గానో జిమ్‌గానో మార్పించుకునేవాళ్లు పెరుగుతున్నారు. చెమ్మ గోడకు ప్లైవుడ్ నేరుగా కొట్టేస్తే దాని వెనక బూజు పట్టి వాసన మొదలవుతుంది. కనీసం ఒక వానాకాలం గడిచాకే తొడుగు వేయాలని చెప్పగల ధైర్యం కావాలి. ప్లానులో పార్కింగ్ అని చూపిన చోటును గదులుగా మార్చమంటే కుదరదని చెప్పడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి. 2024 జూలైలో ఢిల్లీలో ఒక కోచింగ్ సెంటర్ అనుమతి లేకుండా బేస్‌మెంట్‌లో నడిపిన లైబ్రరీలోకి వరద నీరు వచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు.

మీ పెద్దబ్బాయి మాట గురించి ఒక చిన్న ముచ్చట. అమెరికాలో బేస్‌మెంట్ బాగుచేసిన మనిషికి అడిగినంత ఇచ్చి గౌరవంగా పంపాం. అదే పని హైదరాబాద్‌లో మన పిల్లవాడు చేస్తానంటే మట్టిపని అయిపోయింది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు కొంచెం నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి.

ఇక చదువు. ఈసెట్ ఏటా ఉంటుంది, పరుగెత్తాల్సిన పని లేదు. ఏడాది, రెండేళ్లు పని చూసిన తర్వాత బీటెక్‌లో చేరితే కాంక్రీటు పాఠం అర్థమయ్యే తీరే వేరు. బీటెక్ దండగని నేననను. పెద్ద ప్రాజెక్టుల్లో డిజైన్ మీద సంతకం పెట్టే కన్సల్టెంట్ కావాలంటే డిగ్రీ అవసరమే. ఇప్పటికైతే కేంద్ర ప్రభుత్వ ‘నాట్స్’ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. కొత్తగా డిప్లొమా పాసైనవారికి నిర్మాణ కంపెనీల్లో ఏడాది అప్రెంటిస్‌షిప్, స్టైపెండ్ దొరుకుతాయి. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, అంటే న్యాక్‌లో ఉన్న కోర్సులు కూడా వాకబు చేయండి. వాటర్‌ప్రూఫింగ్ రసాయనాలు తయారుచేసే ఫోస్రాక్, సికా, పిడిలైట్ (డాక్టర్ ఫిక్సిట్) వంటి కంపెనీలు తమ సరుకు వాడకం మీద శిక్షణ ఇస్తాయి. అనుభవం వచ్చాక, సరుకును సైటులో ఎలా వాడాలో చూపించే అప్లికేషన్ ఇంజనీరుగా అలాంటి చోట ప్రయత్నించవచ్చు. అయితే ఒకే కంపెనీ శిక్షణతో ఆగిపోతే ప్రతి రోగానికీ అదే సీసా కనిపిస్తుంది. అందుకే భారతీయ ప్రమాణాల్లో (ఐఎస్) భవనాల చెమ్మ నివారణ మీద ఉన్న ఐఎస్ 3067, కాంక్రీటు మీద ఉన్న ఐఎస్ 456 చదివించండి. ఇంగ్లిషులో కష్టమనిపించినా రోజుకు రెండు పేజీలు చాలు.

సొంతంగా కాంట్రాక్టు పెట్టాలనే ఆలోచన మూడు నాలుగేళ్ల తర్వాతే. బిల్డర్లు బిల్లులో కొంత సొమ్మును గ్యారంటీ కింద ఆపి ఉంచుతారు. ఆ సొమ్ము చేతికొచ్చేదాకా కూలీలకు, సరుకుకు సొంత డబ్బే తిరగాలి. పని బాగా వచ్చి కూడా ఇక్కడే మునిగినవాళ్లను చూశాను.

ప్రమాదాల గురించి మీ బావమరిదిని నిర్మొహమాటంగా అడగండి. గాలి ఆడని సెల్లార్‌లో ప్రైమర్ల ఆవిరి తల తిప్పేస్తుంది. మెంబ్రేన్ అంటించడానికి గ్యాస్ మంట వాడతారు. గ్రైండర్ పెట్టి కాంక్రీటు గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మూసి ఉన్న సంప్‌లోకి గాలి పరీక్షించకుండా మనిషిని దించకూడదు. ఫ్యాను, సరైన మాస్కు, బూట్లు, బీమా ఉన్నాయో లేదో వెళ్లి సైటులో కళ్లతో చూడండి. బావమరిది బతక గోరును అంటారు కాబట్టి ఆయన నొచ్చుకోరనే అనుకుంటాను. నెల జీతం ఎంతో కూడా ముందే కాగితం మీద పెట్టించండి. మేనల్లుడు కదా అని ‘చూద్దాంలే’ అంటే ఒప్పుకోకండి.

చేరడమంటూ జరిగితే జూన్ మొదటి వారంలోపు చేరాలి. వానలు పడుతున్నప్పుడే లీకేజీ ఫిర్యాదులు వస్తాయి, నీరు వచ్చే దారి కంటికి కనిపించేది అప్పుడే. ప్రతి సైటుకూ ఒక పేజీ కేటాయించి, నీరు ఎక్కడ కనిపించింది, ఎక్కడి నుంచి వచ్చిందని తేలింది, ఏం చేశారు, తర్వాతి వానకు ఆగిందా అని రాసి, ఫొటోలతో ఉంచుకోమనండి. రేపు ఏ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లినా సర్టిఫికెట్ల కన్నా ముందు ఆ నోటుబుక్కు బల్ల మీద పెట్టవచ్చు.