సీటు హోల్డులు, ఓటీపీలు, సగంలో ఆగిన అప్‌లోడులు: తాత్కాలిక డేటాని మెయిన్ డేటాబేస్‌లో ఎలా ఉంచాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద నడిచే బస్ బుకింగ్ అప్లికేషన్. సీటు ఎంచుకుని పేమెంట్‌కి వెళ్లినవాళ్ల హోల్డులు (ఆ సీటుని కాసేపు వాళ్లకే పట్టి ఉంచే ఏర్పాటు), ఓటీపీలు, ఆపరేటర్లు ఎక్సెల్‌లో పంపే సర్వీసుల వివరాలు అన్నీ అసలు టేబుళ్లలోనే ఉన్నాయి, ‘తాత్కాలికం’ అని గుర్తుగా ఒక కాలమ్ పెట్టారు. రాత్రిపూట ఒక జాబ్ వచ్చి పాతవి డిలీట్ చేస్తుంది. డిలీట్ చేస్తున్నా టేబుల్ సైజు తగ్గడం లేదు, క్వెరీలు నెమ్మదించాయి. టెంప్ టేబుళ్లకు (తాత్కాలికంగా పుట్టి పోయే టేబుళ్లు) మారాలా, రెడిస్ (మెమరీలో డేటా ఉంచే వేరే స్టోర్) తెచ్చుకోవాలా అని అడుగుతున్నారు.

టికెట్ బుకింగ్ సిస్టమ్‌ల డేటాబేస్ వైపు నేను చాలా ఏళ్లు పనిచేశాను. సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ, రాజమండ్రి, వైజాగ్ సర్వీసులు తెరిచిన కాసేపటికే ఒకే సీటు మీద ఎంతమంది పడతారో దగ్గర నుంచి చూశాను. ఆ అనుభవంతో చెప్పేది ఒకటే: గడువు తీరడం వేరు, రో (టేబుల్‌లోని ఒక వరస) తుడవడం వేరు. ఈ రెండింటినీ విడదీస్తే మీ సమస్యలో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది.

మీ డిజైన్‌లో జాబ్ వచ్చి తుడిచేదాకా హోల్డు బతికే ఉంటుంది. అంటే జాబ్ ఆలస్యమైతే సీటు ఖాళీగా ఉండి కూడా అమ్ముడుపోదు. జాబ్ ఆ రోజు ఫెయిలైతే మర్నాడు ఫోన్లు మొదలవుతాయి. గడువు సమయం రోలోనే ఉండాలి, ప్రతి క్వెరీ దాన్ని చూసి తీర్పు చెప్పుకోవాలి. అప్పుడు క్లీనప్ జాబ్ వారం రోజులు నడవకపోయినా ఏ ప్రయాణికుడికీ తేడా తెలియదు, డిస్క్ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే.

ఇక ‘తాత్కాలికం’ అని గుర్తు పెట్టే ఆ ఫ్లాగ్ కాలమ్ సంగతి. నేను చేరేనాటికే నడుస్తున్న ఒక సిస్టమ్‌లో అచ్చం ఇలాగే బుకింగ్స్ టేబుల్‌లో డ్రాఫ్టులు, అసలు టికెట్లు కలిసి ఉండేవి. డ్రాఫ్టులో ప్రయాణికుడి పేరు ఉండదు, ఛార్జీ ఖరారై ఉండదు. కాబట్టి ఏ కాలమ్‌కీ ‘నాట్ నల్’ (ఖాళీగా ఉండకూడదనే నియమం) పెట్టడానికి వీల్లేకపోయింది. అసలు టికెట్‌లో పేరు లేకపోయినా డేటాబేస్ నోరెత్తదు. పైగా రిపోర్టు రాసే ప్రతివాళ్లూ ఆ ఫ్లాగ్‌ని గుర్తు పెట్టుకోవాలి. కొత్తగా రాసిన ఒక కలెక్షన్ రిపోర్టులో ఆ షరతు లేదు. అకౌంట్స్ వాళ్లు బ్యాంకు లెక్కతో పోల్చుకుంటే రోజు వసూలు పెరిగి కనిపించింది, ఎందుకో తేలేలోపు అందరికీ తల వాచిపోయింది. రోకి ఎన్నాళ్లు ఆయుష్షో, ఏ నియమాలు వర్తించాలో వేరైనప్పుడు టేబుల్ కూడా వేరుగా ఉండాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

సీటు హోల్డు టేబుల్ నేనైతే ఇలా కడతాను. ట్రిప్ నంబరు, సీటు నంబరు, ఎవరు పట్టుకున్నారు, ఎప్పటిదాకా అనే నాలుగు కాలమ్‌లు చాలు. ట్రిప్, సీటు కలిపి ప్రైమరీ కీ, అంటే ఆ జత టేబుల్‌లో ఒక్కసారే ఉండగలదు. సీటు పట్టుకోవడానికి ముందు సెలెక్ట్ చేసి ఖాళీగా ఉందో లేదో చూసి ఆ తర్వాత ఇన్‌సర్ట్ చేయకండి, ఆ రెండింటి మధ్య ఇంకొకరు దూరతారు. ఒకే స్టేట్‌మెంట్‌లో పని కానివ్వండి: ఇన్‌సర్ట్ చేయి, ఆ సీటుకి రో ముందే ఉంటే ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్’ కింద పేరు, గడువు మార్చు, కానీ పాత గడువు దాటిపోయి ఉంటేనో పట్టుకున్నది ఈ మనిషే అయితేనో మాత్రమే మార్చు, చివర ‘రిటర్నింగ్’ పెట్టు. రో తిరిగొస్తే సీటు మీది. ఏమీ రాకపోతే ఇంకొకరి చేతిలో ఉంది. ఇద్దరు ఒకే క్షణాన నొక్కితే రెండోవాళ్లు మొదటి ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్ట) కమిట్ అయ్యేదాకా, అంటే ఖరారయ్యేదాకా ఆగుతారు, ఆ తర్వాత కొత్త గడువును చూసి ఖాళీ చేతులతో వెనక్కి వస్తారు. డిఫాల్ట్ ఐసొలేషన్ లెవల్‌లోనే (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఒకదాని మార్పులు ఇంకొకటి ఎంతవరకు చూడాలనే సెట్టింగ్) ఇది సరిగ్గా నడుస్తుంది, అప్లికేషన్‌లో లాకుల గోల అక్కర్లేదు. ఈ సదుపాయం 9.5 వెర్షన్ నుంచీ ఉంది. గడువు తీరిన రోనే కొత్తవాళ్లు ఆక్రమిస్తారు కాబట్టి పాత రో అడ్డుపడదు, తుడవాల్సిన అవసరమూ తగ్గుతుంది.

ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త కావాలి. కుటుంబం నాలుగు సీట్లు ఒకేసారి పట్టుకుంటే ఆ నాలుగింటినీ సీటు నంబరు వరసలో పెట్టి పంపండి. ఒకరు 5, 6 అని, ఇంకొకరు 6, 5 అని పంపితే ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ డెడ్‌లాక్ వస్తుంది. నాలుగు అడిగితే మూడే తిరిగొచ్చినప్పుడు మొత్తం రోల్‌బ్యాక్ చేయండి, అంటే ఏదీ జరగనట్టు వెనక్కి తీసుకోండి. రెండోది, గడువు కాలమ్ టైమ్ జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ అయి ఉండాలి, గడువును డేటాబేస్ గడియారంతోనే లెక్కించాలి. సర్వర్ యూటీసీలో ఉండి అప్లికేషన్ మన సమయం పంపితే, టైమ్ జోన్ లేని కాలమ్‌లో హోల్డు ఐదున్నర గంటలు ఎక్కువ బతుకుతుంది. తేడా ఇటు నుంచి అటైతే పుట్టిన క్షణంలోనే చచ్చిపోతుంది. మూడోది, ‘గడువు ఇంకా ఉన్న రోలకే’ పార్షియల్ ఇండెక్స్ (షరతుకి సరిపోయిన రోలనే త్వరగా వెతికిపెట్టే సూచిక) పెడదామని చాలామంది ప్రయత్నిస్తారు. ఇండెక్స్ షరతులో ‘నౌ’ అనే, ఇప్పటి సమయం ఇచ్చే ఫంక్షన్‌ని పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, ఎందుకంటే దాని విలువ క్షణక్షణం మారుతుంది. మామూలు ఇండెక్సే పెట్టుకోండి, అదీ క్లీనప్‌కి నిజంగా అవసరమైతేనే. గడువు కాలమ్ మీద ఇండెక్స్ ఉంటే గడువు పొడిగించిన ప్రతిసారీ ఇండెక్సుల్లో కూడా కొత్త ఎంట్రీలు పడతాయి.

పేమెంట్ వచ్చాక బుకింగ్స్‌లో ఇన్‌సర్ట్, హోల్డు డిలీట్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. అయితే రెండు సార్లు అమ్ముడుపోకుండా కాపాడే బాధ్యత హోల్డు మీద పెట్టకండి. అసలు టేబుల్‌లో ట్రిప్, సీటు మీద యూనిక్ నియమం ఉండి తీరాలి, రద్దయిన టికెట్లని దాన్నుంచి మినహాయించి. యూపీఐ పేమెంట్ పెండింగ్‌లో ఉండి హోల్డు గడువు దాటాక సక్సెస్ అని రావడం మామూలే. అప్పటికి సీటు ఇంకొకరు తీసుకుని ఉంటే ఆ యూనిక్ నియమమే ఆపుతుంది, మీరు రిఫండ్ మొదలుపెడతారు. హోల్డు మర్యాద కోసం, యూనిక్ నియమం నిజం కోసం.

ఈ ఒక్క ట్రాన్సాక్షన్ కారణంగానే హోల్డులని రెడిస్‌లో పెట్టమని నేను చెప్పను. రెండు చోట్ల డేటా ఉంటే ఒకచోట రాసి ఇంకోచోట రాయలేని సందర్భం ఏదో ఒక రోజు వస్తుంది, అదీ పండగ రోజే వస్తుంది. ఓటీపీలు, లాగిన్ సెషన్లు వేరే కథ. వాటికి ఏ ఇతర టేబుల్‌తోనూ సంబంధం ఉండదు, పోయినా మళ్లీ పంపితే సరి. మీ దగ్గర రెడిస్ ఇప్పటికే ఉంటే అక్కడికి పంపేయండి. లేకపోతే వీటి కోసమే కొత్తగా తేకండి, పోస్ట్‌గ్రెస్‌లో అన్‌లాగ్డ్ టేబుల్ బాగా సరిపోతుంది. దాని మార్పులు వాల్‌లో (క్రాష్ అయినా డేటా తిరిగి తెచ్చుకోవడానికి ముందుగా రాసుకునే లాగ్) రాయరు కాబట్టి రాత వేగంగా ఉంటుంది. బదులుగా, సర్వర్ క్రాష్ అయితే లేచాక ఆ టేబుల్ ఖాళీ అయిపోతుంది, రెప్లికాలో (నకలుగా నడిచే సర్వర్) ఆ డేటా అసలు ఉండదు. ఓటీపీకి ఈ బేరం లాభమే. హోల్డులకి మాత్రం నేను మామూలు టేబులే వాడతాను.

ఎక్సెల్ అప్‌లోడ్ దగ్గరే నిజమైన టెంప్ టేబుల్ ప్రస్తావన వస్తుంది. ఫైలు తీసుకోవడం, సరిచూడడం, అసలు టేబుల్‌లో కలపడం అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో అయిపోయేట్టయితే ‘ఆన్ కమిట్ డ్రాప్’ (కమిట్ కాగానే దానంతట అదే పోయేలా) పెట్టిన టెంప్ టేబుల్ హాయిగా ఉంటుంది. కాపీ కమాండ్‌తో నింపి, ఒకసారి ఎనలైజ్ (టేబుల్‌లో డేటా ఎలా ఉందో గణాంకాలు తీసే కమాండ్) నడపండి. టెంప్ టేబుళ్ల జోలికి ఆటోవాక్యూమ్ (చనిపోయిన రోలని ఊడ్చి, గణాంకాలు తాజా చేసే పోస్ట్‌గ్రెస్ సొంత జాబ్) రాదు కాబట్టి ఆ ఎనలైజ్ మనమే చేయాలి, లేకపోతే క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే ప్లానర్ గుడ్డిగా పోతుంది. కానీ మీ స్క్రీన్‌లో ఆపరేటర్ ముందు ప్రివ్యూ చూసి, తప్పులు దిద్ది, తర్వాత ‘ఖరారు’ నొక్కుతాడని రాశారు. అక్కడ టెంప్ టేబుల్ పనికిరాదు. అది ఒక్క కనెక్షన్‌కే కనిపిస్తుంది, కనెక్షన్ పూల్ (కొన్ని కనెక్షన్లని అందరూ పంచుకునే ఏర్పాటు) వల్ల రెండో రిక్వెస్టు వేరే కనెక్షన్ మీద వెళ్తుంది. అలాంటప్పుడు మామూలు స్టేజింగ్ టేబుల్ (సరిచూసేదాకా డేటా ఆగే చోటు) పెట్టి, ప్రతి రోలో అప్‌లోడ్ నంబరు ఉంచండి. కాలమ్‌లన్నీ టెక్స్ట్ రకమే, ఫారిన్ కీలు (వేరే టేబుల్‌లోని రోకి కట్టే లింకులు) వద్దు. ‘22:30’ అని ఉండాల్సిన చోట ‘రాత్రి పదిన్నర’ అని రాసి పంపేవాళ్లున్నారు. ఆ రో కూడా లోపలికి వస్తేనే కదా తప్పు ఎక్కడుందో చూపించగలం. ఇంకొక మాట, ప్రతి రిక్వెస్టుకీ టెంప్ టేబుల్ సృష్టించే అలవాటు మంచిది కాదు. సృష్టించిన ప్రతిసారీ సిస్టమ్ కేటలాగ్‌లో (ఏ టేబుళ్లున్నాయో పోస్ట్‌గ్రెస్ రాసుకునే సొంత టేబుళ్లు) రోలు చేరి, పోతూ ఉంటాయి, చివరికి ఆ కేటలాగే ఉబ్బిపోతుంది.

డిలీట్ చేసినా సైజు ఎందుకు తగ్గలేదన్న మాటకి వస్తాను. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ చేసిన రో వెంటనే పోదు, ‘చనిపోయిన రో’గా అక్కడే ఉంటుంది. వాక్యూమ్ వచ్చాక ఆ చోటు కొత్త రోలకి దొరుకుతుంది, ఫైలు మాత్రం చాలావరకు అదే సైజులో ఉంటుంది. ఆటోవాక్యూమ్ డిఫాల్ట్‌గా టేబుల్‌లో దాదాపు 20 శాతం రోలు చనిపోతే గానీ కదలదు. కోటి రోల టేబుల్ అయితే 20 లక్షలు పోగయ్యేదాకా ఆగుతుందన్నమాట. ఆ ఒక్క టేబుల్‌కి స్కేల్ ఫ్యాక్టర్ (ఆ శాతాన్ని నిర్ణయించే సెట్టింగ్) 0.01కి, అంటే 1 శాతానికి తగ్గించండి. అయినా తగ్గకపోతే ఎక్కడో ఒక ట్రాన్సాక్షన్ గంటల తరబడి తెరిచి ఉందేమో చూడండి. ఎవరో మెయిన్ సర్వర్ మీద పెద్ద రిపోర్టు నడుపుతున్నా, ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ (ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే ఉండడం) అని ఏదైనా కనెక్షన్ వేలాడుతున్నా, అది మొదలైన తర్వాత చనిపోయిన రోలని వాక్యూమ్ ముట్టుకోలేదు. నేను చూసిన చాలా కేసుల్లో అసలు దోషి ఇదే. వాక్యూమ్ ఫుల్ సైజు తగ్గిస్తుంది గానీ అంతసేపూ టేబుల్‌ని పూర్తిగా లాక్ చేస్తుంది, బుకింగులు నడుస్తుండగా దాని జోలికి వెళ్లకండి.

రోజూ లక్షల్లో వచ్చి వారంలో పనికిరాకుండా పోయేవి, ఉదాహరణకి సెర్చ్ లాగులు, అయితే రోజుకొక పార్టిషన్ (టేబుల్‌లో విడిగా ఉండే ముక్క) పెట్టి పాతదాన్ని డ్రాప్ చేయండి. చనిపోయిన రోలు ఉండవు, వాటిని ఊడ్చే వాక్యూమ్ పని ఉండదు, డిస్క్ అప్పటికప్పుడు తిరిగొస్తుంది. హోల్డు టేబుల్‌కి మాత్రం ఇది కుదరదు. యూనిక్ కీలో పార్టిషన్ కాలమ్ కూడా ఉండి తీరాలి కాబట్టి ఒకే సీటు రెండు పార్టిషన్లలో దూరగలదు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లోనూ ఇదే నియమం, పైగా అక్కడ పార్టిషన్ చేసిన టేబుల్‌కి ఫారిన్ కీలు పెట్టనివ్వరు.

మామూలు డిలీట్ తప్పనిచోట కొన్ని వేల రోల చొప్పున విడతలుగా చేసి మధ్యలో కమిట్ చేయండి. హోల్డు రోని వేరే టేబుల్ ఏదైనా ఫారిన్ కీతో పట్టుకుని ఉంటే ఆ టేబుల్‌లోని కాలమ్ మీద ఇండెక్స్ ఉందో లేదో చూసుకోండి. పోస్ట్‌గ్రెస్ దాన్ని తనంతట తాను పెట్టదు, లేనప్పుడు ఒక్కో డిలీట్‌కీ ఆ టేబుల్ మొత్తం చదువుతుంది.

చివరగా మీరు అడగని విషయం ఒకటి, నాకు ముఖ్యమనిపించి రాస్తున్నాను. సగంలో వదిలేసిన బుకింగుల్లో పేర్లు, వయసులు, ఫోన్ నంబర్లు ఉంటాయి. టికెట్ కొనని మనిషి వివరాలు మన దగ్గర ఏళ్ల తరబడి పడి ఉండడానికి కారణం లేదు. పని తీరాక వ్యక్తిగత డేటాని తొలగించాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. మెయిన్ టేబుల్‌లో తుడిచినా బ్యాకప్పుల్లో, టెస్టింగ్ వాళ్లకిచ్చిన కాపీల్లో అవి మిగిలిపోతాయి. తాత్కాలిక టేబుళ్లని వేరే స్కీమాలో (డేటాబేస్ లోపలి విడి అర) పెట్టుకుంటే పీజీ డంప్ అనే టూల్‌తో కాపీ తీసేటప్పుడు ఆ టేబుళ్ల డేటా వద్దని ఒక్క ఆప్షన్‌తో చెప్పేయొచ్చు, టేబుల్ నిర్మాణం మాత్రం వస్తుంది. ఫ్లాగ్ కాలమ్‌తో కలిపి ఉంచితే ఈ పని ఇంత తేలిగ్గా చేయడానికి దారి లేదు.

ఆపరేటర్ ప్రివ్యూని ఎన్ని రోజులదాకా దిద్దుకోవచ్చో మీరు రాయలేదు. అది తెలిస్తే స్టేజింగ్ టేబుల్‌ని పార్టిషన్ చేయాలా, అప్‌లోడ్ నంబరు వారీగా డిలీట్ చేస్తే సరిపోతుందా అన్నది చెప్పగలను.