గాలాల దుకాణంలో మొదట ఏ సరుకు పెట్టాలి?

ప్రశ్న: చేపలు పట్టే సామగ్రి అమ్మే చిన్న దుకాణం తెరవాలనుకుంటున్నాను. పెట్టుబడిలో ఎక్కువ భాగం ఖరీదైన రాడ్లు, రీళ్ల మీద పెట్టవచ్చా?

జవాబు: వద్దు. రాడ్డు కొన్నవారు మరో రాడ్డు కోసం రావడానికి ఏళ్లు పట్టవచ్చు గానీ, గాలాలు, దారం, సీసపు గుండ్లు, బెండ్లు నీటిలో తెగిపోతూనే ఉంటాయి కనుక, వాటి కోసమే మళ్లీ మళ్లీ మీ గడప తొక్కుతారు. దగ్గరి నీటిలో ఏ చేపలు పడతాయో, ఏ ఎర నడుస్తోందో ముందుగా తెలుసుకుని, తగిన పరిమాణాల గాలాలు నిండుకోకుండా చూసుకోండి. గాలం పరిమాణాన్ని తెలిపే నంబర్లు కొత్తవారిని తికమకపెడతాయి: 10వ నంబరు గాలం 4వ నంబరు కన్నా చిన్నది, 1వ నంబరు కన్నా పెద్ద గాలాలకు మాత్రం 1/0, 2/0 అంటూ అంకెతోపాటు గాలమూ పెరుగుతుంది. రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించండి.

నైలాన్ దారం ఎండకు బలం కోల్పోతుంది. అందుచేత అద్దాల వెనుక ప్రదర్శనకు ఉంచిన చుట్టలను అమ్మడం, నా దృష్టిలో, కొనేవారికి చేసే అన్యాయమే. పెద్ద చేప పడిన క్షణంలోనే ఆ దారం పుటుక్కున తెగుతుంది. మెత్తని ప్లాస్టిక్ ఎరలను గట్టి ప్లాస్టిక్ ఎరలతో కలిపి ఉంచితే కొన్ని రకాలు కరిగి అంటుకుపోతాయి కాబట్టి విడిగా భద్రపరచండి.