నిండా చార్జ్ చేసినా డైవింగ్ వీడియో లైటు మధ్యలో ఆరిపోతోంది. లైటు మార్చాలా, బ్యాటరీలు మార్చాలా?

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోవద్దు. నాలుగు సెల్స్ వేసే లైటు, రాత్రంతా చార్జ్ చేశారు, మల్టీమీటరులో ఒక్కొక్కటీ 4.2 వోల్టులు చూపించింది, నీళ్ళలో పది నిమిషాలకే ఆరిపోయింది, పైకి వచ్చాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ వెలిగింది. మూడేళ్ళ క్రితం అక్షరం పొల్లుపోకుండా నాకూ ఇదే జరిగింది. అప్పుడు లైటు అమ్మినాయనకు ఫోను చేసి నానా మాటలూ అన్నాను. వారం తిరక్కుండా మళ్ళీ ఫోను చేసి క్షమించమని అడిగాను. అందుకే చెబుతున్నాను, మీరు లైటు మార్చకండి. నూటికి తొంభై పాళ్ళు తప్పు దానిది కాదు.

నా వృత్తి విశాఖలో పెళ్ళి వీడియోలు తీయడం. సముద్రంలోకి దిగడం ఎనిమిదేళ్ళ నాటి వ్యసనం. (విశాఖ డైవర్ అనగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "గాజీని చూశారా?" అని. 1971 డిసెంబరులో మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మాలాంటి సరదా డైవర్లు వెళ్ళి వీడియో తీసుకునే చోటు కాదండీ. ఈ సంగతి ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాను.) పెళ్ళిళ్ళలో ఇరవై ఏళ్ళుగా బ్యాటరీలతో వేగుతున్నాను కాబట్టి వాటి గురించి నాకు తెలియనిది లేదన్న గర్వం ఉండేది. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఒక రాత్రి అది కాస్తా దిగిపోయింది.

ఆ ద్వీపానికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గాని డైవర్ల నోట ఇంకా హావ్‌లాకే. ఫిబ్రవరి నెల, రాత్రి డైవ్. ఉదయమే నాలుగు సెల్స్ కొలిచాను. నాలుగూ 4.18. నీళ్ళలోకి దిగుతూనే లైటు ఫుల్‌లో పెట్టి, నిద్రపోతున్న చిలుక చేపలనూ పగడాల సందుల్లో రొయ్యల కళ్ళనూ తీసుకుంటూ పోయాను. పద్నాలుగు మీటర్ల దగ్గర మా గైడు నా భుజం తట్టి చూపించాడు. అరచేయి కూడా పట్టని సందులోంచి ఆక్టోపస్ ఒకటి ధారగా బయటికి జారుతోంది. మొదట ఇసుక రంగు. నా వెలుగు తాకగానే ఇటుక రంగు. ఒంటి మీద ముళ్ళలాంటి బొడిపెలు లేచాయి. కెమెరా దగ్గరికి తీసుకెళ్ళాను. సరిగ్గా పదకొండు సెకన్లు రికార్డయింది. టక్కున చీకటి. మసకబారడం లేదు, మినుకుమనడం లేదు, ఫ్యూజు పోయినట్టు ఒక్కసారిగా ఆరిపోయింది.

బెల్టుకు చిన్న టార్చి ఉంది కాబట్టి బతికిపోయాను. రాత్రి డైవ్‌కు రెండో టార్చి లేకుండా దిగేవాళ్ళు నాకు ఎదురుపడితే తిడతాను, వయసు కూడా చూడను. అర నిమిషం ఆగి బటన్ నొక్కితే లైటు వెలిగింది. ఫుల్‌లో పెట్టాను, మళ్ళీ పోయింది. అన్నిటికన్నా తక్కువ వెలుగులో పెడితే మాత్రం బుద్ధిగా వెలుగుతూ ఉంది. ఈలోగా ఆక్టోపస్ తన దారిన తాను పోయింది.

బసకు వచ్చి ఒళ్ళు తుడుచుకోకుండానే లైటు విప్పి సెల్స్ కొలిచాను. 3.82, 3.81, 3.83. నాలుగోది 3.31. అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు పెళ్ళిళ్ళ సీజనులో ఆ సెట్టులోని ఒక సెల్‌ను ఏదో మండపంలో పోగొట్టుకుని, దాని బదులు ఒకటి విడిగా కొన్నాను. పైన 6800 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జి పడుతుందో చెప్పే అంకె) అని బంగారు అక్షరాలు ఉంటే మురిసిపోయాను. ఎద్దుకు జోడుగా లేగదూడను కాడికి కట్టానన్నమాట.

జరిగేది ఇది. మీ లైటులోని సెల్స్ నాలుగూ వరుసగా కలిసి ఉంటాయి, ఒకే కరెంటు అన్నిటిలోంచీ పోతుంది. ఫుల్‌లో లైటు 60 వాట్లు తీసుకుంటుందనుకుంటే దాదాపు 4 ఆంపియర్లు. మంచి సెల్‌లో లోపలి నిరోధం 0.05 ఓమ్ ఉంటే అది తనలో మింగేది 0.2 వోల్టు. ముసలిదో నకిలీదో 0.25 ఓమ్ ఉంటే ఒక వోల్టు మింగేస్తుంది. చార్జి తగ్గేకొద్దీ దాని వోల్టేజి ఇంకా కూలుతుంది. సెల్‌లో రక్షణ సర్క్యూట్ ఉంటే "ఇక చాలు" అని కరెంటు కత్తిరించేస్తుంది. వరుసలో ఒకటి తెగితే నాలుగూ తెగినట్టే, అందుకే ఒక్కసారిగా చీకటి. బరువు దిగగానే వోల్టేజి మళ్ళీ లేస్తుంది, చాలా సర్క్యూట్లు తిరిగి కలుపుతాయి. పైకి వచ్చాక వెలిగిందని మీరు ఆశ్చర్యపోయింది దీనికే. రక్షణ సర్క్యూట్ లేని సెల్ అయితే ఇంకా చెడ్డ, మిగతా మూడూ కలిసి దాని వోల్టేజిని సున్నా కిందికి తోసి ప్లస్సునూ మైనస్సునూ తారుమారు చేస్తాయి. అలాంటిది పేలితే ఆశ్చర్యం లేదు.

కాబట్టి పొద్దున మల్టీమీటరులో 4.2 చూసి సంతోషపడటం దండగ. పని చెప్పనంతసేపు ప్రతి సెల్లూ పహిల్వానే. కొలవవలసింది పని చేయించిన తర్వాత.

మర్నాడు నేను చేసింది చెబుతాను, మీరూ అదే చేయండి. నాలుగూ నిండా చార్జ్ చేసి, లైటును బకెట్ నీళ్ళలో ముంచి ఫుల్‌లో వెలిగించాను. బయట గాలిలో ఎందుకు కాదంటే, ఈ లైట్లు చుట్టూ నీళ్ళుంటేనే చల్లబడేలా చేసినవి. బాత్రూము పైకప్పు మీద అలల నీడలు ఆడుతున్నాయి, నేను బకెట్ పక్కన స్టూలు వేసుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆ బస నడిపే పెద్దావిడ వాళ్ళ నాన్నగారి కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వచ్చి స్థిరపడిన కుటుంబం. వెంటిలేటరులోంచి వెలుగు చూసి తలుపు తట్టింది. "బాబూ, లోపల ఏమి వెల్డింగ్ చేస్తున్నావు?" "వెల్డింగ్ కాదమ్మా, బ్యాటరీ చూస్తున్నాను." "బ్యాటరీని బకెట్లో వేసి చూస్తారా?" ఏమి చెప్పను? పన్నెండో నిమిషంలో లైటు ఆరిపోయింది. కొలిస్తే మళ్ళీ అదే సెల్ కింద ఉంది. ఆవిడ దగ్గరే గోళ్ళ రంగు అడిగి తీసుకుని దాని మీద ఎర్ర చుక్క పెట్టాను.

విశాఖ వచ్చాక మా కంసాలి మిత్రుడి తూకంలో వేశాను. మంచి సెల్ 47 గ్రాములు, 6800 బాబు 31 గ్రాములు. ఈ రకం సెల్ పేరు 18650, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. అంత డబ్బాలో పేరున్న కంపెనీలు కిందామీదా పడి 3500, మహా అయితే 4000 ఎంఏహెచ్ దాకా కూర్చుతున్నాయి. 6800 అనీ 9900 అనీ రాసి అమ్మేవాడికి సిగ్గు లేదు, నమ్మి కొన్న నాకు బుద్ధి లేదు. మీ సెల్స్ మీద 4000 దాటిన అంకె ఉంటే బకెట్ కూడా అక్కర్లేదు, వెళ్ళి కొత్తవి కొనుక్కోండి. నాలుగూ ఒకేసారి, ఒకే రకం కొని, వాటికి అంకెలు వేసి, పుట్టినప్పటి నుంచి పోయేదాకా కలిపే వాడండి.

బకెట్ పరీక్షలో నాలుగూ సమానంగా దిగి, అయినా లైటు ఆరిపోతోందా? అప్పుడు స్ప్రింగులూ కాంటాక్టులూ చూడండి. ఉప్పు తేమకు వాటి మీద కనీకనిపించని పొర పడుతుంది, ముదిరితే పచ్చగా కనిపిస్తుంది. అక్కడ 0.1 ఓమ్ చేరినా 4 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్టు గల్లంతు. పెన్సిల్ రాతను చెరిపే రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. ఇసుక కాగితం వద్దు, పైపూత ఊడిపోతుంది.

పడవ మీద ఎండలో ఫుల్‌లో వెలిగించి "చూడు, తగ్గిపోతోంది" అనేవాళ్ళు ప్రతి ట్రిప్పులోనూ ఒకరుంటారు. అది బ్యాటరీ జబ్బు కాదు, వేడెక్కి లైటు తనంతట తాను తగ్గించుకోవడం. నీళ్ళలో ముంచితే సర్దుకుంటుంది. ఈ ల్యూమెన్ల (లైటు ఇచ్చే వెలుగును కొలిచే లెక్క) గోల కూడా నాకు నచ్చదు. టార్చిలను కొలిచే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం వెలిగించిన 30 సెకన్ల తర్వాతే వెలుగు కొలవాలి. డబ్బా మీద పదిహేను వేల ల్యూమెన్లు అని అచ్చు వేసేవాళ్ళలో ఎంతమంది అలా కొలుస్తున్నారో వాళ్ళకే తెలియాలి. అంత వెలుగు పెట్టుకుని మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే ఏమి లాభం? ఎరుపును నీళ్ళు మొదట మింగేస్తాయి, వెలుగు వెళ్ళేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ కూడా. మీటరు లోపలికి వెళ్ళి తీయండి, సగం వెలుగు చాలు, బ్యాటరీ కూడా రెట్టింపు సేపు వస్తుంది. మా రుషికొండ వైపు నీళ్ళు కలకగా ఉన్నప్పుడు ఫుల్‌లో పెడితే లంబసింగి పొగమంచులో కారు హైబీమ్ వేసినట్టు తెల్లటి నలకలు తప్ప ఏమీ కనిపించవు.

సెల్స్ బయటికి తీయకుండా లైటుకే వైరు గుచ్చి చార్జ్ చేసే రకమైతే ఇంకో మెలిక. నాలుగు సెల్స్, ఒక్కొక్కటి 3.7 వోల్టులు, 3 ఆంపియర్ అవర్లు, మొత్తం 44 వాట్ అవర్లు. పాత ఫోను చార్జరు ఇచ్చేది 5 వాట్లు. తొమ్మిది గంటలు దాటుతుంది. మనం మూడు గంటలకే పీకేసి "రాత్రి చార్జింగ్ పెట్టానే" అంటాం. ఆపైన ట్రిప్పు కాగానే నిండా చార్జ్ చేసి, మళ్ళీ సీజను దాకా ఆరు నెలలు బీరువాలో పడేస్తాం. లిథియం సెల్‌కు అంతకన్నా అపకారం లేదు, అందులోనూ మన మే నెల వేడిలో. సగం చార్జిలో, అంటే 3.7, 3.8 వోల్టుల దగ్గర, చల్లని చోట ఉంచాలి.

వీటన్నిటికన్నా ముందు లోపలికి నీరు వచ్చిందేమో చూడండి. నీళ్ళు రాకుండా మూత దగ్గర ఉండే రబ్బరు వలయం, అదే ఓ-రింగు, దాని మీద ఒక్క వెంట్రుక పడితే చాలు. ఉప్పునీళ్ళు చేరిన సెల్స్ వాయువులు పుట్టిస్తాయి, డబ్బా లోపల ఒత్తిడి పెరుగుతుంది. మూత మీ ముఖం వైపు గాని పక్కవాళ్ళ వైపు గాని పెట్టి తిప్పకండి. తడిసిన సెల్స్‌ను ఆరబెట్టి చార్జరులో పెట్టే పొదుపు అసలే వద్దు.

విమానం మాటా చెప్పాలి. విడి సెల్స్ చేతి సంచిలోనే పెట్టాలి, చెక్ ఇన్ సామానులో కుదరదు. 100 వాట్ అవర్ల లోపు ఉంటే సాధారణంగా పేచీ లేదు. డైవింగ్ లైటుకు మాత్రం విమాన సంస్థ అనుమతి ఉండాలి, బ్యాటరీ విడిగా తీసి ఉండాలి. అయినా ఒకసారి విమానాశ్రయంలో ఇదేమిటని నలభై నిమిషాలు నిలబెట్టారు. ఆక్టోపస్ వీడియో చూపించి బయటపడ్డాను. పదకొండు సెకన్లే కావడం అప్పుడు కలిసొచ్చింది.

ఇప్పుడు మీ పని. ఈ రాత్రి నాలుగూ చార్జ్ చేయండి, 1 నుంచి 4 దాకా అంకెలు వేయండి, బకెట్లో పదిహేను నిమిషాలు ఫుల్‌లో వెలిగించండి, మధ్యలో ఆరిపోతే అక్కడే ఆపండి. తీసిన వెంటనే కొలిచి నాలుగు రీడింగులూ కింద వ్యాఖ్యలో రాయండి. సెల్స్ మీద అచ్చువేసిన ఎంఏహెచ్ అంకె కూడా.