పెద్ద కంపెనీలను ప్రభుత్వం ఆదుకుంటే జనానికి కోపమెందుకు?

మూతపడితే ఉద్యోగాలు పోతాయి, బ్యాంకుల అప్పులు మునుగుతాయి, అలాంటప్పుడు వొడాఫోన్ ఐడియా వంటి టెలికాం సంస్థను ప్రభుత్వం ఆదుకుంటే జనానికి అంత కోపమెందుకని మీరు అడిగారు. ఆదుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆ పద్ధతి బాకీదారుణ్ని బట్టి మారడమే నా బాధ.

వనపర్తి దగ్గర మాకు చిన్న పల్లీ నూనె మిల్లు ఉండేది. బ్యాంకు ఇచ్చిన సీసీ లిమిట్‌తోనే, అంటే ఒక పరిమితి దాకా అవసరమైనప్పుడల్లా వాడుకునే అప్పుతోనే, సీజనులో పల్లీలు కొనేవాళ్లం. పంటలు సరిగా రాక, చవకైన పామాయిల్‌తో పోటీపడలేక, బాకీ 90 రోజులు దాటేసరికి మా ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయింది. తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు వచ్చింది, గడువు తీరాక స్వాధీన నోటీసును గేటుకు అంటించారు. దాన్ని పత్రికల్లోనూ ప్రకటించాలి కనుక, మా నాన్న పేరు, సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులతో సహా తెలుగు పేపర్లో అచ్చయింది. తూర్పు హద్దుగా పేరు పడిన పక్క పొలం రైతు, తన భూమికి కూడా ఏమైనా అవుతుందేమోనని ఆ పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అప్పటిదాకా ఉద్దెరకు సరుకిచ్చిన మార్కెట్ యార్డు అడ్తిదారులు ఆ రోజు నుంచి నగదే అడిగారు.

2020లో కేంద్రం చిన్న పరిశ్రమల కోసం, తానే పూచీ ఉండే 3 లక్షల కోట్ల రూపాయల రుణ పథకం ప్రకటించినప్పుడు కొంత ఆశపడ్డాం గానీ, ఆ ఏడాది ఫిబ్రవరి 29 నాటికి బాకీ 60 రోజులు మించని ఖాతాలకే అది వర్తిస్తుందన్నారు. చివరికి స్థలం అమ్మి బ్యాంకుతో ఒకేసారి కట్టి బాకీ తీర్చుకునే వన్‌టైమ్ సెటిల్‌మెంట్ చేసుకున్నాం. బ్యాంకు మేనేజరును నేను తప్పుపట్టను, ఆయన నిబంధనల ప్రకారమే నడిచారు.

వొడాఫోన్ ఐడియా బాకీ పడింది నేరుగా ప్రభుత్వానికే. 2021 సెప్టెంబరులో టెలికాం సంస్థల బకాయిలకు నాలుగేళ్ల మారటోరియం (చెల్లింపు వాయిదా) ఇచ్చి, వడ్డీని కంపెనీ వాటాలుగా (షేర్లుగా) మార్చుకునే వీలు కల్పించారు. దాని ప్రకారం 2023లో 16,133 కోట్ల రూపాయలు వాటాలయ్యాయి. 2025లో మరో 36,950 కోట్ల స్పెక్ట్రమ్ (మొబైల్ సిగ్నళ్ల తరంగాల) బకాయిలను కూడా మార్చడంతో ప్రభుత్వ వాటా 48.99 శాతానికి చేరింది. ముఖవిలువకు, అంటే ఇక్కడ 10 రూపాయలకు, తక్కువగా వాటాలు జారీ చేయడానికి కంపెనీ చట్టం ఒప్పుకోదు కనుక, మార్కెట్లో 7 రూపాయల దరిదాపుల్లో ఉన్న వాటాను ప్రభుత్వం రెండుసార్లూ 10 రూపాయల లెక్కన తీసుకుంది. మా మిల్లుకు మాత్రం బ్యాంకు పంపిన వాల్యూయర్ మార్కెట్ ధర కన్నా తగ్గించి, బలవంతపు అమ్మకం విలువ కట్టాడు!

కోపం ఇక్కడే పుడుతుంది. 2009లో హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డప్పుడు కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్త డైరెక్టర్లను నియమించింది. ఖజానా సొమ్ము పెట్టకుండానే, కొన్ని నెలల్లో ఆ సంస్థ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. ఉద్యోగుల కోసం యజమానులను కూడా కాపాడాల్సిన పని లేదని అప్పుడే తేలింది. వొడాఫోన్ ఐడియాలో దాదాపు సగం ప్రభుత్వానిదైనా, నిర్వహణ పగ్గాలు మాత్రం ప్రమోటర్ల (పాత యజమానుల) దగ్గరే ఉన్నాయి. ప్రైవేటు రంగంలో రెండే కంపెనీలు మిగిలితే రీచార్జి ధరలు ఏమవుతాయో నాకు తెలుసు కనుక దాన్ని మూసేయమని అనను. అంత బాకీ వదులుకుని వాటాలు తీసుకున్నప్పుడు ప్రభుత్వం ఆ పగ్గాలు కూడా అడగాల్సింది.