చిక్కు తీయాలా, విప్పాలా?

సందేహం: జుట్టు ‘చిక్కు తీయడం’ అంటాం. పత్రికల్లో ‘చిక్కు విప్పారు’, ‘చిక్కుముడి వీడింది’ అని కనిపిస్తాయి. ఏది సరైనది? అన్నింటికీ ‘పరిష్కరించు’ అంటే సరిపోదా?

సమాధానం: ముందు జుట్టు సంగతే చూద్దాం. నూనె లేని జుట్టు గాలికి రేగి చిక్కు పడుతుంది. దాన్ని ఎవరూ వేయరు, తనంతట తానే పడుతుంది. తీసేవారు కొసల దగ్గర మొదలుపెట్టి, పాయ పాయగా దువ్వుకుంటూ పైకి వస్తారు. పట్టి లాగితే బిగుస్తుంది. ముడి అలా కాదు, మనిషి వేసేది. వేసినది కనక కొస దొరికితే విప్పవచ్చు. అందుకే చిక్కు తీయాలి, ముడి విప్పాలి. (విప్పబోతే మరింత బిగిసే పీటముడిని మాత్రం ఎక్కువగా పడిందనే అంటాం. అదీ చిక్కులాంటిదే కాబోలు.)

చిక్కుముడిలో చివర ఉన్నది ముడి కాబట్టి దాన్ని విప్పడమే సబబు. ‘చిక్కు విప్పారు’ అన్నది అక్కడి నుంచే జారి వచ్చి ఉంటుంది. తప్పని కొట్టివేయను కానీ, నేనైతే రాయను.

ఇక ‘వీడింది’. విప్పడం మనిషి పని, వీడటం ముడి పని. కొప్పు వీడుతుంది, పొడుపు కథకు జవాబు విడుపు, గ్రహణానికీ పట్టు, విడుపు ఉన్నాయి. ‘చిక్కుముడి వీడింది’ నిక్షేపంలాంటి తెలుగు. ‘పోలీసులు చిక్కుముడి వీడారు’ అని రాస్తే మాత్రం, ఊరు వీడినట్టు దాన్ని వదిలి వెళ్లిపోయారని అర్థం!

తగవులకు ఇంకో క్రియ ఉంది: తీర్చు. తీర్పు అనే మాట దాని నుంచి పుట్టిందే. జుట్టు చిక్కు తీస్తారు, ఆస్తి చిక్కు తీరుస్తారు.

పరిష్కారానికి సంస్కృతంలో అలంకరణ, మెరుగు అని అర్థం. ‘పరి’ తరువాత ‘కృ’ ధాతువుకు ముందు సకారం చేరేది అలంకరించడమనే అర్థంలోనని పాణిని సూత్రం. ఆ సకారమే ఇక్కడ షకారమైంది. తాళపత్ర ప్రతుల్లోని పాఠాలు సరిచూసి వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు చేసిన గ్రంథ పరిష్కారంలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. సమస్యలకు ‘పరిష్కరించు’ వాడటం తెలుగులో స్థిరపడింది, ఆక్షేపణ లేదు. అవధానంలో మాత్రం సమస్యను పరిష్కరించరు, పూరిస్తారు. జుట్టుకు ఈ మాట బొత్తిగా పనికిరాదు. ‘అమ్మాయి జుట్టు పరిష్కరించాం’ అంటే జడకు పూలు తురిమారేమోనని సంస్కృత పండితుడు సంతోషిస్తాడు. అమ్మాయి దువ్వెన పట్టుకొని ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది.